‘మొదలు’కి ఇంగ్లీషులో ఏ మాట రాయాలి?

మన తెలుగులో ‘మొదలు’ అనే మాట ఎంత సుళువో చూడండి. చెట్టుకీ మొదలే, కథకీ మొదలే, జబ్బుకీ మొదలే. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి అలా కుదరదు. డిక్షనరీ తెరిస్తే బిగినింగ్, స్టార్ట్, ఆరిజిన్, సోర్స్, రూట్ అంటూ వరసగా మాటలుంటాయి. పిల్లలు వాటిలో చిన్నగా ఉన్న మాట చూసి రాసేస్తారు, టీచరమ్మ ఎర్రసిరాతో కొట్టేస్తుంది!

ఇదివరకు ఈ తంటా ప్రైవేటు బడి పిల్లలకే ఉండేది. 2022 మార్చి 8న మన వనపర్తిలో ‘మన ఊరు - మన బడి’ మొదలుపెట్టారు. ఆ ఏడాది నుంచే ప్రభుత్వ బడుల్లో కూడా ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. తెలుగు మీడియంలో చదువుకున్న మనలాంటి తల్లుల దగ్గరికే ఇప్పుడు పిల్లలు పుస్తకం పట్టుకుని వస్తున్నారు. భయపడకండి. పిండి జల్లెడ వేరు, బియ్యం జల్లెడ వేరు అని మనకి ఎవరూ నేర్పలేదు, పనిని బట్టి తీస్తాం. ఈ మాటలూ అంతే. ముందు ‘నేను అడిగేది ఏమిటి?’ అని చూసుకుంటే మాట దానంతటదే దొరుకుతుంది.

ఎప్పుడు? - బిగిన్, స్టార్ట్

కాలం గురించి అయితే బిగిన్. పాఠం, సభ, సినిమా, పండగ - ఇవన్నీ బిగిన్ అవుతాయి. స్టార్ట్ కూడా రాయొచ్చు. కానీ బస్సు, మోటారు, మిక్సీ మాత్రం స్టార్టే అవుతాయి, బిగిన్ కావు. పరీక్షల నోటీసులో కనిపించే ‘కమెన్స్’ కూడా ఇదే అర్థం, కాకపోతే ఆఫీసు భాష. వానాకాలం రాకకీ, జబ్బు మొదలవడానికీ ‘ఆన్‌సెట్’ అంటారు.

ఇక్కడే మన పిల్లలు జారిపడే చోటు ఒకటుంది. మనం ‘జూన్ 12 నుంచి బడి మొదలవుతుంది’ అంటాం. ఆ ‘నుంచి’ని పట్టుకుని వాళ్లు ‘బిగిన్స్ ఫ్రమ్’ అని రాస్తారు. ఇంగ్లీషులో తేదీ ముందు ‘ఆన్’, గంట ముందు ‘ఎట్’ రావాలి. ఈ ఒక్కటి సరిదిద్దినా బోలెడు మార్కులు మిగులుతాయి.

ఎక్కడ పుట్టింది? - ఆరిజిన్

ఒక వస్తువో, ఆచారమో, మాటో మొట్టమొదట ఎలా పుట్టింది, ఎక్కడ పుట్టింది అని అడిగితే ఆరిజిన్. మన పోచంపల్లినే తీసుకోండి. 1951 ఏప్రిల్ 18న అక్కడ వినోబా భావే గారు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇచ్చారు. భూదానోద్యమం ఆ రోజు ‘బిగిన్’ అయింది. దాని ‘ఆరిజిన్’ పోచంపల్లి. తేదీ చెబితే ఒక మాట, పుట్టుక చెబితే ఇంకో మాట.

అదే ఊరి చీర సంగతి చూడండి. దారాన్ని ముడులు కట్టి, రంగులో ముంచి, తర్వాత నేసే ఆ పనిని ఇక్కత్ అంటున్నాం. ఆ మాట ఆరిజిన్ మలయ్ భాష, అక్కడ దానికి కట్టడం అని అర్థం. చీర మన దగ్గరిదే, మాట మాత్రం సముద్రం దాటి వచ్చింది.

ఎక్కడి నుంచి వస్తోంది? - సోర్స్

ఇప్పుడు మనకి అది ఎక్కడ దొరుకుతోంది అంటే సోర్స్. మన వంటింట్లోని మిరపకాయ ఆరిజిన్ అమెరికా ఖండం. పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చింది. మన ఇంటికి మాత్రం సోర్స్ ఆదివారం సంత! తైదలు కాల్షియానికి మంచి సోర్స్ అంటారు, ఆరిజిన్ అనరు. ఇంటి ఆదాయానికీ, పేపర్లో వార్తకీ కూడా సోర్సే.

నదికి మాత్రం రెండు మాటలూ చెల్లుతాయి. కృష్ణమ్మ మహారాష్ట్రలోని మహాబలేశ్వరం దగ్గర పుట్టింది. దాన్ని నది సోర్స్ అన్నా, ఆరిజిన్ అన్నా తప్పు కాదు. నారాయణపేట జిల్లాలో తంగిడి దగ్గర మన రాష్ట్రంలోకి వస్తుంది. అది ఆరిజిన్ కాదు, ప్రవేశించే చోటు. పటం గుర్తించేటప్పుడు పిల్లలకి ఈ తేడా చెప్పండి.

అసలు కారణమేది? - కాజ్, రూట్ కాజ్

ఈ తేడా మార్కులతో ఆగిపోదు. మన నల్లగొండ నీళ్లే అందుకు సాక్ష్యం. చౌటుప్పల్, మర్రిగూడ వైపు ఎన్ని ఇళ్లలో పళ్లు గారపట్టాయో, ఎముకలు వంగాయో మీకు తెలుసు. ఆ ఇళ్లకి నీటి ‘సోర్స్’ బోరు. ఫ్లోరైడ్ ‘ఆరిజిన్’ నేల లోపలి రాళ్లు. జబ్బుకి ‘కాజ్’ ఆ నీళ్లలో మితిమీరిన ఫ్లోరైడ్. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశంలో పెట్టిన హద్దు.

ఇప్పుడు చూడండి. ఆరిజిన్‌ని మనం మార్చలేం, రాళ్లని ఎవరు తవ్విపోస్తారు? సోర్స్‌ని మార్చగలం. 2015 జూన్ 8న చౌటుప్పల్లో పైలాన్ వేసి మొదలుపెట్టిన పథకమే తర్వాత మిషన్ భగీరథ అయింది. బోరు బదులు నది నీళ్లు ఇవ్వడం అంటే సోర్స్ మార్చడమే. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌నే తీసేసే ఉపాయం కూడా ఉంది. పటిక, సున్నం కలిపి తేర్చే ఆ పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ తయారుచేసింది. దానికి పెట్టిన పేరు నల్లగొండ టెక్నిక్!

కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. ఆవిరై నీళ్లు తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అందుకే నల్లా నీళ్లు రాని రోజు ‘కాచాంలే’ అని పిల్లలకి బోరునీళ్లు పట్టకండి. పుట్టిన నాటి నుంచి కొత్త పళ్లు వచ్చేదాకా ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

రూట్ అంటే వేరు. అడుగున దాగి ఉన్న అసలు కారణాన్ని ‘రూట్ కాజ్’ అంటారు. పాలమూరు పిల్లలమర్రి కొమ్మ 2017 చివర్లో విరిగిపడింది. రూట్ కాజ్ చెదలు. అందుకే 2018లో మందు కలిపిన సీసాలు వేలాడదీసి, మనిషికి సెలైన్ ఎక్కించినట్టు ఆ చెట్టుకి ఎక్కించారు.

ఫారాల్లో జాగ్రత్త

బర్త్ ప్లేస్, నేటివ్ ప్లేస్ ఒకటే అనుకుంటారు చాలామంది. మనలో తొలికాన్పుకి పుట్టింటికి వెళ్లడం ఆనవాయితీ. పాప మహబూబ్‌నగర్ ఆసుపత్రిలో పుడుతుంది, నాన్న ఊరు దేవరకొండ పక్కన ఉంటుంది. మహబూబ్‌నగర్ బర్త్ ప్లేస్, నాన్న ఊరు నేటివ్ ప్లేస్. పుట్టుక నమోదయ్యేది పుట్టిన చోటే.

2023 అక్టోబరు 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడం మొదలు ఎన్నో పనులకి పుట్టిన తేదీ, చోటు చూపించేది జనన ధ్రువపత్రమే. పైగా 2016 అక్టోబరు 11న మన జిల్లాలు విడిపోయాయి. 2019లో నారాయణపేట కూడా జిల్లా అయింది. కాబట్టి పెద్దపిల్లల కాగితాల్లో పాత జిల్లా, చిన్నపిల్లల కాగితాల్లో కొత్త జిల్లా ఉండొచ్చు. నోటికొచ్చింది కాకుండా పత్రం ముందు పెట్టుకుని, అందులో ఉన్నట్టే రాయండి.

మీరూ, పిల్లలూ కలిసి చెప్పండి

1. సినిమా ఆరున్నరకి ______ అవుతుంది.
2. గుడ్లు మాంసకృత్తులకి మంచి ______.
3. స్కూటీ పొద్దున ఎంత తన్నినా ______ కాలేదు.
4. బతుకమ్మ పండగ ______ గురించి వ్యాసం రాయండి.
5. గోడ చెమ్మకి ______ పైన పగిలిన పైపు.

జవాబులు: 1. బిగిన్ (స్టార్ట్ కూడా సరే) 2. సోర్స్ 3. స్టార్ట్ 4. ఆరిజిన్ 5. రూట్ కాజ్ (ఒట్టి కాజ్ అన్నా సరే).

అయిదూ సరిగ్గా వస్తే పిల్లల చేతిలో ఓ నువ్వులుండ పెట్టండి. మీరూ ఒకటి తినండి!