డబ్బు ముందు... ఫోను ఎప్పుడో!

సత్యవేడు: కొత్త సెల్‌ఫోను కోసం డబ్బు కట్టి పది రోజులు ఎదురుచూసిన మనిషికి, తీరా పార్శిలు వచ్చిన రోజున ఇంకో చిక్కు వచ్చి పడుతుంది. తెచ్చిన కుర్రాడు ఫోను చేసి నంబరు చెప్పమంటాడు. పాత ఫోను పగిలిపోయింది కాబట్టే గదా కొత్తది బుక్ చేసింది! అందుచేత పక్కింటివారి నంబరు ఇచ్చి ఉంటారు. ఆ పక్కింటాయన చేలో ఉంటాడు. ఓటీపీ ఆయన జేబులో మోగుతుంది, పార్శిలు బస్టాండులో వేచి ఉంటుంది. రెండుసార్లు ఇలా జరిగితే 'గ్రహీత అందుబాటులో లేరు' అని రాసి పార్శిలును వెనక్కి పంపేస్తారు. డబ్బు తిరిగి ఖాతాలో పడేదాకా మళ్లీ కొత్త నిరీక్షణ.

పల్లెల్లో ఇది వినోదం కాదు, నిత్యం జరిగే తంతు. ఇంటి నంబరు పలకమీద ఉండని ఊళ్లలో 'రామాలయం పక్క సందు, వేపచెట్టు ఇల్లు' అన్నదే చిరునామా. పోస్టుమ్యాన్‌కు అది చాలు, ఊరంతా ఆయనకు ముఖపరిచయమే. మండల కేంద్రం నుంచి మోటారు సైకిలు మీద నలభై పార్శిళ్లతో బయలుదేరిన కొత్త కుర్రాడికి చాలదు. 'మీరే కూడలి దగ్గరకు రండి' అంటాడు. కూలి పని మానుకుని వెళ్లాలి మరి.

ఇంతకీ వస్తువు చేతికి రాకముందే డబ్బు కట్టడం ఎందుకు? కొత్త మోడలు బజారులోకి రాకముందే 'ప్రీ-బుకింగ్' పేరిట కంపెనీలు ఆర్డర్లు తీసుకుంటాయి. కొన్ని మొత్తం సొమ్మూ కట్టించుకుంటాయి. కొన్ని ఐదువందలో వెయ్యో బయానాగా తీసుకుని, మిగతాది సరుకు వచ్చినప్పుడు ఇమ్మంటాయి. ఎన్ని ఫోన్లు పోతాయో ముందే తెలిస్తే ఏ ఊరికి ఎన్ని పంపాలో తేల్చుకోవచ్చు, గోడౌన్లలో సరుకు పేరుకుపోదు. కొనేవాడికి ఆశ చూపించడానికి ఒక ఇయర్‌ఫోనో, బ్యాంకు కార్డు మీద తగ్గింపో ఇస్తారు. ఒప్పందంలో తప్పు లేదు. అయితే ఎదురుచూసే భారం మాత్రం ఒక్క పక్షం మీదనే పడుతున్నది. కంపెనీ తేదీ మార్చుకోవచ్చు, కొనుగోలుదారు కట్టిన డబ్బును వెనక్కి జరుపుకోలేడు.

ఐదు సెకన్లలో సరుకు ఖాళీ

ఆన్‌లైనులో ఫోను కోసం కాచుకుని కూర్చోవడం కుర్రకారుకు అలవాటైంది 2014లో. ఆ ఏడాది జూలై 22న షియోమీ కంపెనీ ఎంఐ-3 అనే ఫోనును 13,999 రూపాయలకు ఫ్లిప్‌కార్ట్‌లో అమ్మకానికి పెట్టింది. ముందుగా పేరు నమోదు చేసుకున్న వారికే కొనే అవకాశం. నలభై నిమిషాల లోపే సరుకు అయిపోయింది. సెప్టెంబరు 2న 5,999 రూపాయల రెడ్‌మీ-1ఎస్ వంతు వచ్చింది. 40 వేల ఫోన్లు ఐదు సెకన్లయినా నిలవలేదు. నెట్‌సెంటర్లలో నాలుగేసి కంప్యూటర్ల ముందు నలుగురు స్నేహితులు కూర్చుని ఒకేసారి మీట నొక్కిన రోజులవి. ఒకరికి దొరికితే మిగతా ముగ్గురూ వచ్చే మంగళవారం కోసం చూసేవారు. అదే ఏడాది డిసెంబరులో వన్‌ప్లస్ కంపెనీ ఇంకో మెట్టు ఎక్కింది. ఆహ్వానపత్రం ఉంటే తప్ప ఫోను అమ్మనంది. పెళ్లి శుభలేఖలా ఒకరు తెచ్చి మరొకరికి ఇస్తేనే కొనుక్కునే హక్కు! డబ్బు చేతిలో ఉండీ, అమ్మేవాడిని బతిమాలుకోవలసిన వింత.

పెద్దవాళ్లకు ఇది వింతగా తోచదు. టెలిఫోను శాఖ వారికి దరఖాస్తు పెట్టి, డిపాజిట్టు కట్టి, డిమాండ్ నోటు కోసం ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా చూసిన తరం అది. ఓవైటీ పథకం కింద వేలు పోసినవారికీ వెంటనే కనెక్షను దొరికేది కాదు, జనరల్ కేటగిరీ వారి సంగతి సరేసరి. కొడుకు పుట్టినప్పుడు బజాజ్ స్కూటరు బుక్ చేస్తే వాడు స్కూలుకు వెళ్లేనాటికి వచ్చేదని చెప్పుకునేవారు. అలాట్‌మెంటు కాగితాన్నే పైడబ్బుకు అమ్ముకున్నవారూ ఉన్నారు. కాకపోతే అప్పటి కొరతకు కారణం ఫ్యాక్టరీలు తక్కువ, లైసెన్సులు ఎక్కువ కావడం. ఇప్పుడు రోజూ లక్షల ఫోన్లు తయారవుతున్నా కొరత కనిపించడం ఒక అమ్మకపు ఎత్తుగడ కూడా అని వేరే చెప్పనక్కరలేదు.

పొరుగున పుట్టి, ఊరంతా తిరిగి

ఈ ప్రాంతం వారికి ఇందులో ప్రత్యేకమైన చోద్యం ఒకటుంది. తడ దాటి చెన్నై రహదారికి పక్కగా, సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల్లో విస్తరించిన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కంపెనీ వారి సెల్‌ఫోన్ల కర్మాగారం 2015లో ఆరంభమైంది. షియోమీ ఫోను మనదేశంలో తయారవడం అక్కడే మొదలు. ఆ మొదటి ఫోను, రెడ్‌మీ-2 ప్రైమ్‌ను అదే ఏడాది ఆగస్టు 10న విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు సమక్షంలో విడుదల చేశారు. ధర 6,999 రూపాయలు. కర్మాగారంలో పనికి కుదిరినవారిలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు. తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కి, షిఫ్టంతా నిలబడి ఫోన్లు బిగించి పరీక్షించే చేతులవి.

ఆ చేతులు బిగించిన ఫోను గేటు దాటి లారీ ఎక్కుతుంది. ఏ నగరం గోడౌనుకో పోతుంది. అక్కడ ఆర్డరు నంబరు అంటించుకుంటుంది. ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి మారుతూ, చివరికి ఏ వరదయ్యపాలెం పల్లెలోనో బుక్ చేసుకున్న మనిషి దగ్గరకు కొరియరులో వస్తుంది. కూతవేటు దూరంలో తయారైన వస్తువు వందల కిలోమీటర్లు తిరిగి రావడానికి వారం. కర్మాగారం గేటు దగ్గర చిల్లరగా అమ్మరు గనుక వేరే దారి లేదు. చెరుకు పండించినవాడు చక్కెర కోసం చౌకడిపో ముందు నిలబడడం ఈ జిల్లా వారికి కొత్త కాదు.

2020లో ఈ నిరీక్షణ కొంత కటువుగానే సాగింది. మార్చి 25న లాక్‌డౌన్ రావడంతో కర్మాగారాలు మూతపడ్డాయి. సెల్‌ఫోను నిత్యావసర వస్తువుల జాబితాలో లేదు కనుక బుక్ చేసిన పార్శిళ్లు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. మే 4 తరువాత గాని గ్రీన్, ఆరెంజ్ జోన్లలో ఇటువంటి సరుకుల బట్వాడాకు కేంద్రం అనుమతించలేదు. ఆ తరువాత స్కూళ్లు ఆన్‌లైను పాఠాలకు దిగాయి. అదివరకు అన్నయ్యకో నాన్నకో అవసరమైన ఫోను అప్పుడు బడిపిల్లకూ అవసరమైంది. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒక్క ఫోను చాలదు. ఫోను రావడం పది రోజులు ఆలస్యమంటే పది రోజుల పాఠం పోయినట్టే. ఆలస్యాన్ని ఓర్చుకోలేని కుర్రాళ్ల తొందర అని కొట్టిపారేయడానికి వీల్లేని సంగతి ఇది.

251 రూపాయల ఆశ

ముందుగా డబ్బు కట్టే పద్ధతిలో ఎంత ప్రమాదం ఉందో దేశానికంతటికీ తెలిసింది 2016లో. ఆ ఏడాది ఫిబ్రవరి 17న నోయిడాకు చెందిన రింగింగ్ బెల్స్ అనే కంపెనీ 'ఫ్రీడం 251' పేరుతో స్మార్ట్‌ఫోనును ప్రకటించింది. ధర అక్షరాలా రెండువందల యాభై ఒక్క రూపాయి. బట్వాడా ఖర్చు నలభై కలుపుకుంటే 291. మరునాడు ఉదయం బుకింగు తెరవగానే జనం తాకిడికి వెబ్‌సైటు కుప్పకూలింది. ఏడు కోట్లకు పైగా పేర్లు నమోదయ్యాయని కంపెనీయే చెప్పుకుంది. డబ్బు చెల్లించగలిగినవారు మాత్రం దాదాపు 30 వేల మంది.

విలేకరులకు చూపించిన ఫోను మీద తెల్లరంగు గీకితే కింద ఇంకో కంపెనీ పేరు బయటపడింది. అది ఆడ్‌కామ్ వారి ఫోను. ఒక్కొక్కటి 3,600 రూపాయలకు తామే ఆ కంపెనీకి అమ్మామని ఆడ్‌కామ్ వారు తరువాత వెల్లడించారు. మూడువేల ఆరువందలకు కొన్నది 251కి ఎలా ఇస్తారన్న ప్రశ్నకు సరైన జవాబు రాలేదు. గొడవ ముదరడంతో కట్టినవారి సొమ్ము వాపసు ఇస్తామనీ, ఫోను అందించాకే డబ్బు తీసుకుంటామనీ కంపెనీ ప్రకటించింది. జూన్ నెలాఖరు గడువు జూలైకి జారింది. మొదటి విడతగా 5 వేల ఫోన్లు పంపుతున్నామన్నారు. ఏడు కోట్ల ఆశలకు ఐదువేలు! 2017 ఫిబ్రవరిలో, తన సొమ్ము ఇవ్వలేదని ఒక డిస్ట్రిబ్యూటరు చేసిన ఫిర్యాదుపై కంపెనీ మేనేజింగ్ డైరెక్టరును ఘజియాబాదులో పోలీసులు అరెస్టు చేశారు. తరువాత ఆయనకు బెయిలు లభించింది.

291 రూపాయలు పోతే పోయాయిలే అనుకున్నవారు చాలామంది. ఒకరికి చిన్న మొత్తం, లక్షమందికి దాదాపు మూడుకోట్లు. ఇటువంటి పథకాలు నడిచేదే ఆ 'పోతే పోనీ' మీద.

సరుకు నిజంగా ఇచ్చిన కంపెనీల విషయంలోనూ ఎదురుచూపు తప్పలేదు. 2017 జూలై 21న రిలయన్స్ వాటాదారుల సమావేశంలో జియోఫోను ప్రకటించారు. ఇది స్మార్ట్‌ఫోను కాదు, మీటలున్న చిన్న ఫోను. అయితే 4జీ ఇంటర్నెట్టు వస్తుంది. మూడేళ్ల తరువాత షరతులకు లోబడి తిరిగిచ్చే 1,500 రూపాయల డిపాజిట్టు మీద ఇస్తామన్నారు. ఆగస్టు 24న 500 రూపాయలతో బుకింగు మొదలైంది. 26వ తేదీకల్లా ఆపేయవలసి వచ్చింది. అప్పటికే దాదాపు 60 లక్షల మంది కట్టేశారు. దసరా నవరాత్రులకు చేతికి వస్తుందనుకున్న ఫోను విడతలు విడతలుగా వచ్చింది. మళ్లీ 2021లో జియోఫోన్ నెక్స్ట్ అనే స్మార్ట్‌ఫోనును సెప్టెంబరు 10న, అంటే వినాయక చవితినాడు విడుదల చేస్తామని ముందే చాటారు. ప్రపంచమంతటా చిప్‌ల కొరత. వినాయకుడు నిమజ్జనం కూడా అయిపోయాడు, ఫోను రాలేదు. దీపావళికి, నవంబరు 4న బజారులోకి వచ్చింది. ధర 6,499 రూపాయలు.

అడిగే హక్కు ఉంది

పేరున్న కంపెనీ దగ్గర బుక్ చేసినా రసీదు, ఆర్డరు నంబరు, ఫలానా తేదీకి ఇస్తామన్న మాట ఉన్న పేజీ ఫొటో దాచుకోవడం అవసరం. పగిలిన ఫోనులోనే అవన్నీ ఉంటే ప్రయోజనం లేదు, ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవాలి. సరుకు రాకపోయినా, వాపసు సొమ్ము పడకపోయినా ముందుగా ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 2020 నాటి ఇ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు.

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. కంపెనీ ఢిల్లీలో ఉంటే ఢిల్లీ వెళ్లి కేసు వేయాలేమోనని చాలామంది జంకుతారు. 2019 చట్టం ఆ భయం తీసేసింది. ఫిర్యాదీ ఎక్కడ నివసిస్తే అక్కడి కమిషన్‌లోనే వేసుకోవచ్చు. ఈ ప్రాంతం వారికి తిరుపతే చాలు. ఐదు లక్షల లోపు విలువైన వస్తువులకు ఫీజు లేదు, ప్లీడరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. రెండేళ్ల గడువు దాటకుండా చూసుకోవాలి. ఇక పేరు పోలిన దొంగ వెబ్‌సైటులో డబ్బు పోగొట్టుకున్నవారు చేయవలసింది వేరు. క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. సొమ్ము ఇంకో ఖాతాలోకి మారకముందు చెబితేనే ఆపే వీలుంటుంది. సగం ధరకు కొత్త ఫోనంటూ వాట్సాప్‌లో వచ్చే లింకులన్నీ ఈ కోవలోనివే.

పార్శిలు వచ్చాక కూడా తొందర పనికిరాదు. పెట్టె తెరుస్తుండగా పక్కనున్నవారి చేత వీడియో తీయించుకుంటే ఫోనుకు బదులు సబ్బుబిళ్ల వచ్చిందని తరువాత రుజువు చేసుకోగలుగుతారు. పాత ఫోను మార్పిడికి ఇస్తామని ఒప్పుకున్నవారికి ఇంటి గుమ్మంలో ఇంకో బేరం ఎదురవుతుంది. తెర మీద గీత ఉందనీ, మీట పనిచేయడం లేదనీ చెప్పి ఇస్తామన్న మొత్తాన్ని తగ్గించడం, లేదా అసలు తీసుకోకపోవడం మామూలే. అందుకే బుక్ చేసేటప్పుడు అడిగే ప్రశ్నలకు ఉన్నది ఉన్నట్టు రాయడం మేలు. ఆ హడావుడిలో చాలామంది సిమ్‌కార్డు తీయకుండానే పాత ఫోను ఇచ్చేస్తున్నారు. కుర్రాడు బండి ఎక్కి ఊరు దాటాక గుర్తొస్తుంది. పిలుద్దామంటే ఆ సిమ్ము ఆయన సంచిలోనే ఉంటుంది.