పాత విమానం కథ చెబుతుంది

రేణిగుంటలో దిగే విమానాలను తిరుపతి పిల్లలు చాలామంది చూసే ఉంటారు. మన దేశపు విమానం ఒంటిమీద ‘వి.టి.’ అనే అక్షరాలూ, వాటి పక్కన మరి మూడు అక్షరాలూ రాసి ఉంటాయి. ఆ పేరుతో దస్తరాలు వెతికితే ఆ విమానం ఎప్పుడు తయారయిందీ, ఎవరి చేతికి వచ్చిందీ తెలుసుకోవచ్చు.

కాని రేడియోతో నడిచే పెద్ద నమూనా విమానాన్ని ఎవరో వాడి అమ్మివేస్తే, దాన్ని మీ నాన్నగారు కొని తెచ్చారనుకోండి. రెక్కల పొడవు ఏడడుగులు, బరువు 5 కిలోలు. ఇప్పుడు మన దేశంలో 250 గ్రాములు దాటినవాటికి నమోదు సంఖ్య ఉండాలి. అయితే 2021 నాటి డ్రోన్ నియమాలకు ముందే తయారయిన పాతదానికి ఆ సంఖ్య ఉండకపోవచ్చు. మరి దాని పూర్వచరిత్ర తెలిసేదెలా?

అసలు తెలిసి తీరవలసిన అవసరం ఏమిటని మీరు అడగవచ్చు. లెక్క వేసి చూడండి. 50 మీటర్ల ఎత్తునుంచి ఒక వస్తువు పడితే, గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే, నేలను తాకేటప్పటికి దాని వేగం గంటకు సుమారు 110 కిలోమీటర్లు ఉంటుంది. ఆ వేగంతో వచ్చే 5 కిలోల బరువు మనిషిమీద పడితే ప్రాణానికే ముప్పు. ఈ విమానం ఇదివరకు ఒకసారి కూలి, రెక్క విరిగి, పైకి కనబడకుండా అతికి ఉంటే? అందుకే ఎగరవేసే ముందు దాని కథ వినాలి.

తిరుమల ఆలయం గోడలమీది శాసనాలు చదివి సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఆలయ చరిత్రను వెలికితీశారు. రాళ్ళు మాట్లాడినట్టే కర్రా, గుడ్డా, తీగా కూడా మాట్లాడతాయి.

ముందుగా కర్రను చూడండి. శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాలలో శిల్పులు ఎర్రచందనంతో బొమ్మలు చెక్కుతారు. ఆ చేవ నీటిలో మునిగిపోతుంది. నమూనా విమానాలకు వాడే బాల్సా కర్ర దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ నుంచి ఎక్కువగా వస్తుంది. అంతే పరిమాణం గల ఎర్రచందనం ముక్క దానికంటె ఆరేడు రెట్లు బరువుంటుంది! బాల్సా తేలిక గనక సులువుగా విరుగుతుంది కూడా. రెక్కను కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. లోపలి కర్రల నీడలు కనిపిస్తాయి. ఒకచోట రెండు కర్రలు పక్కపక్కన ఉన్నా, జిగురు రంగు మారినా అక్కడ మరమ్మతు జరిగిందేమోనని అనుమానించాలి.

తరువాత పైతొడుగు. పూర్వం పలచని కాగితమో పట్టుగుడ్డో అతికించి, దానిమీద లక్క వంటి పూత పూసేవారు. ఇస్త్రీపెట్టెతో కాచి అతికించే ప్లాస్టిక్ పొర తరువాత వచ్చింది. పట్టుగుడ్డ కనిపిస్తే విమానం పాతది కావచ్చు. కావచ్చు అనే అనాలి, ఎందుకంటే ఇప్పటికీ పాతపద్ధతిని ఇష్టపడి అలా చేసేవారున్నారు.

ఇక యంత్రం. ముక్కు దగ్గర జిడ్డుగా, తేనెరంగు మరకలు ఉన్నాయా? మిథనాల్ అనే ద్రవంలో ఆముదం కలిపి చిన్న యంత్రాలకు ఇంధనంగా పోసేవారు. మన రాయలసీమ చేలలో పండే ఆముదమే! మిథనాల్ మండుతుంది, ఆముదం యంత్రం అరిగిపోకుండా కాపాడుతుంది. ఏళ్ళ తరబడి ఆ నూనె పీల్చిన కర్ర మెత్తబడుతుంది, దానికి జిగురు సరిగా అంటదు. యంత్రాన్ని బిగించేది ఆ కర్రకే గనక అక్కడ వేలితో నొక్కి చూడాలి. పెద్ద విమానాలకు పెట్రోలు యంత్రాలు కూడా పెడతారు. వాటిలో కొన్ని చెట్లు కోసే రంపపు యంత్రాలనుంచి వచ్చినవే.

చివరకు రేడియో. అమెరికాలో నికొలా టెస్లా 1898లోనే రేడియోతో పడవ నడిపి చూపాడు. నమూనా విమానంలోనూ సూత్రం అదే. చేతిలోని పెట్టె తరంగాలు పంపుతుంది. విమానంలోని పెట్టె వాటిని అందుకుని చిన్న మోటార్లచేత చుక్కానినీ రెక్కల అంచులనూ కదిలిస్తుంది. తరంగాలలో రకాలున్నాయి. చిత్తూరు దారిలో గాదంకి దగ్గర 1,024 ఏరియళ్ళున్న రాడార్ 53 మెగాహెర్ట్జ్ తరంగాలతో పైగాలి కదలికను కనిపెడుతుంది. పాత విమానాలలో తరంగాన్ని నిర్ణయించే చిన్న స్ఫటికం ఉండేది. ఒకే తరంగం మీద ఇద్దరు మీట నొక్కితే విమానం అదుపు తప్పేది. ఇప్పటివి 2.4 గిగాహెర్ట్జ్ మీద, ఒకదానితో ఒకటి చిక్కుపడకుండా నడుస్తాయి. స్ఫటికం కనిపిస్తే రేడియో పాతతరానిదని తెలుసుకోవచ్చు. బ్యాటరీ నల్లతీగ కొన చీల్చి చూస్తే, లోపలి రాగి నల్లబడి ఉంటే, ఆ తీగనూ బ్యాటరీనీ మార్చవలసిందే.

ఇలా చూసినవన్నీ ఒక పుస్తకంలో మూడు వరుసలుగా రాయండి. కంటితో చూసినది ఒకటి, అమ్మినవారు చెప్పినది రెండు, మీరు ఊహించినది మూడు. మూడో వరుసలోని దాన్ని మొదటి వరుసలోకి ఎప్పుడూ జరపకండి. “ఎప్పుడూ కూలలేదు” అని అమ్మినాయన చెప్పినా, రెక్కలో అతుకు కనిపిస్తే అతుకునే నమ్మాలి.

కొన్ని విమానాల కథ చెదరకుండా నిలిచింది. అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవలలు ‘గఫ్’ అనే విమానం చేసి 1937లో రేడియోతో ఎగరవేశారు. దాన్ని పారవేయకుండా దాచి, 1960లో స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఇచ్చారు. చేసినవారే అప్పగించారు గనక దాని చరిత్రకు వెతుకులాట లేదు.

మీ విమానం సంగతి తేలాక, తెలిసిన పెద్దల ఎదుట, జనం లేని మైదానంలోనే ఎగరవేయండి. రేణిగుంట విమానాశ్రయానికి 8 కిలోమీటర్ల లోపున అనుమతి లేనిదే ఎగరవేయకూడదు. రెక్క అనుమానంగా ఉంటే గోడకు వేలాడదీయండి. అందులో నామోషీ ఏమీ లేదు. ఎప్పుడైనా దాన్ని మరొకరికి ఇచ్చేటప్పుడు, మీరు చేసిన మరమ్మతులన్నీ రాసిన పుస్తకం కూడా ఇవ్వండి. అతని ఇంటి పిల్లలకు అది ఎంతో మేలు చేస్తుంది.