కంఠమొక్కటే పరిచయము

విమానము నడుపు పైలటునకు తన వృత్తిజీవితములో వేలకొలది కంఠములు పరిచయమగును. ముఖములు మాత్రము పరిచయము కావు. బయలుదేరుటకు అనుమతి నిచ్చువాడొకడు, రన్‌వే వరకు దారి చూపువాడు మరియొకడు, పైకెగసిన పిదప అందుకొనువాడు వేరొకడు. ఒక్క ప్రయాణములోనే పలువురు కంట్రోలర్లు ఒకరి చేతినుండి ఒకరికి ఆ విమానమును అప్పగించుచుందురు. అప్పగించునపుడు చిన్న వీడ్కోలు మాట యొకటి వినబడును. భారతదేశపు గగనతలమున అది పెక్కుసారులు 'నమస్కార్' అయి యుండును. అంతటితో ఆ పరిచయము సమాప్తము. అయినను మేఘములు క్రమ్మి, కిటికీ అవతల తెల్లని గోడ తప్ప మరేమియు కానరానపుడు, ఆ ముఖమెరుగని మనుష్యుని మాటను నమ్మియే పైలటు రెండు మూడు వందల ప్రాణములతో క్రిందికి దిగును.

ఈ బంధములో ఆప్యాయత యెంత కలదో విసుగు అంత కలదు. పైలటునకు తన విమానమొక్కటియే లోకము. కంట్రోలరునకు అది తెరపై కదలు పది పదునైదు చుక్కలలో ఒక చుక్క. పైలటునకు ఎదుటనున్న ఉరుముల మేఘము స్పష్టముగా కనబడును గాని, దాని వెనుక నుండి వచ్చుచున్న విమానము కనబడదు. కంట్రోలరునకు ఆ విమానము కనబడును గాని, మేఘము సరిగా కనబడకపోవచ్చును. కనుక ఒకడు "ఎడమకు తిరుగుము" అని చెప్పినపుడు రెండవవానికి అది అర్థములేని ఆజ్ఞగా తోచుటలో వింత లేదు. చట్టము ఈ తగవును కొంతవరకు తీర్చినది. కంట్రోలరు ఆదేశమును పైలటు పాటింపవలెను. కాని ప్రాణాపాయము సంభవించిన వేళ దానిని మీరి నడచుకొను తుది అధికారము అంతర్జాతీయ నిబంధనల ప్రకారము పైలటుదే. చట్టము చెప్పగలిగినది అంతవరకే. ఆ క్షణమున నోరు తెరచి "వీలుకాదు" అని చెప్పగల ధైర్యమును చట్టము ఇయ్యజాలదు.

తొలినాళ్ళలో ఇంత చిక్కు లేదు. 1929లో అమెరికాలోని సెయింట్ లూయిస్ విమానాశ్రయమున ఆర్చీ లీగ్ అను నాతడు ఒక తోపుడుబండిపై కుర్చీ, గొడుగు, మధ్యాహ్న భోజనము పెట్టుకొని మైదానములోనికి పోయి, రెండు జెండాలతో విమానములను నడిపించెడివాడు. గళ్ళజెండా చూపిన పొమ్మని అర్థము. ఎఱ్ఱజెండా చూపిన ఆగుమని అర్థము. అతడు పైలటు కంటికి కనబడెడివాడు, పైలటు అతని కంటికి కనబడెడివాడు. రేడియో వచ్చిన తరువాత జెండా పోయి మాట మిగిలినది. చిక్కులన్నియు మాటతోడనే వచ్చినవి.

అందువలననే గగనయానమున ఒక ప్రత్యేక భాష పుట్టినది. ఆపదలో నున్నవాడు మూడుమారులు పలుకు 'మేడే' అను మాటను 1923 ప్రాంతమున లండనుకు చేరువనున్న క్రాయ్‌డన్ విమానాశ్రయపు రేడియో అధికారి మాక్‌ఫర్డ్ కల్పించెను. అక్కడినుండి పారిస్ నగరమునకు విమానములు ఎక్కువగా తిరుగుచుండుటచే, 'నాకు సాయపడుడు' అను అర్థముగల ఫ్రెంచి పలుకుబడి ధ్వనిని అతడు గ్రహించెను. అంకెలను కూడ ఈ భాష మార్చినది. తొమ్మిది 'నైనర్' అయినది, మూడు 'ట్రీ' అయినది, అయిదు 'ఫైఫ్' అయినది. గరగరలాడు రేడియోలో 'ఫైవ్', 'నైన్' ఒకటిగా వినబడునన్న భయమే దీనికి కారణము. చలనచిత్రములలో వినబడు 'రోజర్' అను మాటకు 'సరే' అని అర్థము కాదు. 'మీ మాట అందినది' అని మాత్రమే అర్థము. పాఠశాలలో గురువు చెప్పినదానిని శిష్యుడు తిరిగి అప్పగించునట్లు, కంట్రోలరు చెప్పిన ఎత్తును, దిక్కును పైలటు అక్షరము తప్పక తిరిగి చెప్పవలెను. తప్పు చెప్పినచో కంట్రోలరు అక్కడనే దిద్దవలెను.

ఈ నిఘంటువులో పైలట్లకు పలుకుటకు కష్టమైన మాటయు ఒకటి కలదు. అది 'అనేబుల్'. 'నా వల్ల కాదు' అని దాని అర్థము. కంట్రోలరు చెప్పినది తన విమానమునకు క్షేమకరము కానిచో ఆ ఒక్క మాట చాలును. కాని రద్దీగానున్న విమానాశ్రయమున, వేగముగా మాటలాడు కంట్రోలరు ఎదుట, నలువది విమానముల వారు వినుచుండగా ఆ మాట పలుకుటకు కొత్త పైలటునకు నోరు రాదు. తరగతిలో ప్రశ్న అర్థము కాకున్నను చేయి ఎత్తుటకు జంకు విద్యార్థి స్థితియే అది.

ఆ జంకునకు చెల్లించిన మూల్యము 1990 జనవరి 25వ తేదీ రాత్రి లోకమునకు తెలిసినది. కొలంబియా దేశపు అవియాంకా సంస్థవారి బోయింగ్ 707 విమానము 158 మందితో న్యూయార్కునకు చేరుచుండెను. వాతావరణము చెడి, విమానముల వరుస పెరిగి, దానిని మూడు చోట్ల ఆకాశములోనే గుండ్రముగా తిరుగుచుండుమని నిలిపిరి. అట్లు గడచిన కాలము మొత్తము ఒక గంట 17 నిమిషములు. ఇంధనము అడుగంటుచుండెను. రేడియోలో మాటలాడు సహపైలటు తమకు 'ప్రయారిటీ' కావలెనని అడిగెను. అతని మనస్సులో ఆ మాటకు 'ఇక ఆగలేము' అని అర్థము. వినిన కంట్రోలరునకు అది నిత్యము వినబడు అభ్యర్థనలలో ఒకటి. 'ఎమర్జెన్సీ' అనియో 'మేడే' అనియో చెప్పియున్నచో తక్కిన విమానములన్నియు ప్రక్కకు తొలగియుండెడివి.

మొదటిసారి దిగబోగా గాలి అడ్డగించినది. విమానము మరల పైకి లేచినది. ఎమర్జెన్సీ అని చెప్పుమని కెప్టెన్ తన భాషలో సహపైలటునకు ఆజ్ఞాపించెను. ఆతడు కంట్రోలరు ఇచ్చిన దిక్కును ఒప్పుకొని, వాక్యము చివర తగిలించినట్లుగా, ఇంధనము అయిపోవుచున్నదని మాత్రము అనెను. కొంతసేపటికి కంట్రోలరు, మరి కొన్ని మైళ్ళు ఈశాన్యముగా పోనిచ్చి తిరిగి త్రిప్పెదము, మీకును మీ ఇంధనమునకును సమ్మతమేనా అని అడిగెను. సమ్మతమే ననుకొందునని సహపైలటు జవాబిచ్చి, ధన్యవాదములు కూడ చెప్పెను. తరువాత నాలుగు ఇంజనులును ఒకదాని వెంట నొకటి ఆగిపోయినవి. లాంగ్ ఐలండులోని కోవ్ నెక్ గ్రామమున విమానము కొండవాలుపై కూలి 73 మంది మరణించిరి. మంట లేవలేదు, మండుటకు ఇంధనము మిగిలియుండలేదు.

విచారణ సంఘము ప్రధాన దోషమును పైలట్లపైననే మోపినది. రద్దీని నడపుటలోని లోపమును, నియతమైన మాటలు లేకపోవుటను కూడ పేర్కొన్నది. ఆ ధన్యవాదములు చెప్పిన మనుష్యుని మనస్సును మాత్రము ఏ నివేదికయు పూర్తిగా పట్టజాలదు. మర్యాద తప్పరాదన్న సంస్కారము, పరభాషలో తడబాటు, పెద్ద నగరపు కంట్రోలరు పట్ల బెరుకు, అన్నియు కలసి ఒక్క మాటను గొంతులోనే ఆపివేసినవనుటలో తప్పులేదు. 2012లో అంతర్జాతీయ నిబంధనలు ఇంధనపు ఆపదకు రెండు మాటలను ఖాయము చేసినవి. ఇంకను ఆలస్యమైనచో కష్టమని ముందుగా చెప్పుటకు 'మినిమమ్ ఫ్యూయల్'. ఆపద వచ్చిపడినప్పుడు మూడుమారులు 'మేడే' పలికి 'ఫ్యూయల్'.

పరభాష మాట వచ్చినది గనుక కెనడా ముచ్చట చెప్పవలెను. క్విబెక్ ప్రాంతమున కంట్రోలర్లు పైలట్లతో ఫ్రెంచిలోను మాటలాడవచ్చునన్న ప్రతిపాదనపై 1976 జూనులో ఆ దేశపు పైలట్లు, కంట్రోలర్లు పనిమాని దేశములోని విమానములను దాదాపుగా నిలిపివేసిరి. మాతృభాషాభిమానము గలవారికి ఇది దురహంకారముగా తోచును. కొంత దురహంకారము లేకపోలేదు కూడ. కాని పైలట్ల వాదములో ఒక నిజము కలదు. పైలటు తనకు చెప్పిన మాటలనే కాదు, ఇతరులకు చెప్పిన మాటలను కూడ వినుచుండును. ఎవడు ఎక్కడ దిగుచున్నాడో, ఎవడు రన్‌వేపై నున్నాడో చెవితోడనే చిత్రించుకొనును. తెలియని భాషలో మాటలు నడచినపుడు ఆ చిత్రములో సగము చెరగిపోవును. అయినను విచారణ సంఘము దీర్ఘముగా పరిశీలించి, రెండు భాషలతోను క్షేమముగా పని జరుపవచ్చునని 1979లో తేల్చినది.

ఆ భయము ఉత్తది కాదని 2000 మే 25న పారిస్ విమానాశ్రయమున తెలిసినది. బయలుదేరుచున్న ఒక ఫ్రెంచి విమానమునకు కంట్రోలరు ఫ్రెంచిలో అనుమతి నిచ్చెను. నడుమనున్న దారినుండి అదే రన్‌వే పైకి రావలసిన చిన్న బ్రిటిషు విమానముతో ఇంగ్లీషులో మాటలాడెను. ఆ చిన్న విమానము వెనుకనే యున్నదని కంట్రోలరు పొరపడెను. దానిలోని ఇద్దరు పైలట్లకు ఫ్రెంచి మాటలు అర్థమైయున్నచో తమకు ముందు మరొక విమానము పరుగు తీయనున్నదని తెలిసెడిది. పెద్ద విమానపు రెక్క తగిలి వారిలో ఒకడు మరణించెను.

హైదరాబాదు గగనతలమున తెలుగు పైలటును తెలుగు కంట్రోలరును ఇంగ్లీషులోనే మాటలాడుకొనుటకు కారణమిదియే. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు బేగంపేట నుండి శంషాబాదునకు తరలినవి గాని ఈ పద్ధతి మారలేదు. అదే నెలనుండి ప్రపంచమంతటను పైలట్లకు, కంట్రోలర్లకు ఇంగ్లీషులో నియత స్థాయి ఉండవలెనన్న నిబంధన అమలులోనికి వచ్చుట ప్రారంభమైనది. ఆ నిబంధన వెనుక భారతదేశపు దుఃఖము కూడ కలదు. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైన సౌదీ విమానమును కజకిస్తాను విమానమును ఎదురెదురుగా ఢీకొని 349 మంది మరణించిరి. 15,000 అడుగుల ఎత్తున నిలువవలసిన కజక్ విమానము ఇంకను క్రిందికి దిగినది. ఢిల్లీ కంట్రోలరు ఎదుటి విమానమును గురించి హెచ్చరించియే యుండెను. అతని రాడారు తెరపై చుక్కలు కనబడెడివి గాని వాటి ఎత్తు కనబడెడిది కాదు. వచ్చుటకును పోవుటకును ఒక్కటే దారి. పైలట్ల మాటపై కంట్రోలరు ఆధారపడవలసిన పరిస్థితి, ఆ మాట యథార్థము కాలేదు.

పైలటు కంట్రోలరును అతిగా నమ్మిన సందర్భమును కలదు. 1974 డిసెంబరు 1న వాషింగ్టను సమీపమున టి.డబ్ల్యు.ఏ. విమానమునకు 'దిగుటకు అనుమతి' లభించినది. క్రింద కొండలున్నచో కంట్రోలరు ఇంకను ఎత్తున ఉంచెడివాడేకదా యని పైలట్లు భావించి 1,800 అడుగులకు దిగసాగిరి. ఏ ఎత్తున దిగవలెనో చూచుకొనుట పైలటు పనియేకదా యని కంట్రోలరు భావించెను. విమానము కొండకు తగిలి 92 మందియు చనిపోయిరి. ఆరు వారములకు ముందు మరియొక సంస్థ విమానము అదే అపార్థముతో అదే కొండకు తగులబోయి తప్పించుకొన్నది. ఆ సంగతి ఆ సంస్థ పైలట్లకు మాత్రమే తెలిసినది. ఈ ఘోరము నుండియే 1976లో అమెరికాలో అంతరిక్ష పరిశోధన సంస్థ నాసా చేతికి ఒక పని అప్పగింపబడినది. పైలటు గాని కంట్రోలరు గాని తాను చేసిన పొరపాటును వ్రాసి పంపినచో, పేరు తొలగించి, పాఠమును అందరికిని పంచును. నాటినుండి లక్షలకొలది లేఖలు వచ్చినవి. వృత్తిగర్వము మెండుగాగల మనుష్యులు తమ తప్పులను తామే వ్రాసి పంపుట చిన్న విషయము కాదు.

ఇంత జరిగినను పైలట్లు కంట్రోలర్లను గురించి కృతజ్ఞతతో చెప్పుకొను కథలు చాల కలవు. వానిలో ప్రసిద్ధమైనది 2009 జనవరి 15 నాటిది. న్యూయార్కులోని లగార్డియా నుండి లేచిన విమానమునకు పక్షులు తగిలి రెండు ఇంజనులును శక్తి కోల్పోయినవి. కెప్టెన్ సలెన్‌బర్గర్ కలతలో తన విమానపు సంఖ్యను 1549కి బదులు 1539 అని పలికెను. కంట్రోలరు పాట్రిక్ హార్టెన్ దానిని 1529 అని తిరిగి పలికెను. అంకెలు ఇద్దరికిని తప్పినవి గాని మనస్సులు తప్పలేదు. హార్టెన్ వెంటనే లగార్డియా నుండి బయలుదేరు విమానములను ఆపించెను. ఒక రన్‌వేకు పోగలరా యని అడిగెను. కాదనగా మరియొక దిక్కు చూపెను. సమీపమున నున్న టెటర్‌బరోలో ఏ రన్‌వే కావలెనని అడిగెను. ఆజ్ఞాపింపలేదు, అడిగెను. నిర్ణయము తనదేయని ఆతడు గ్రహించినట్లు ఆ ప్రశ్నల తీరు వలన తనకు తెలిసినదని సలెన్‌బర్గర్ తరువాత వ్రాసెను. పక్షులు తగిలినది మొదలు హడ్సన్ నదిపై దిగువరకు గడచినవి 208 సెకండులు. లోపలి 155 మందియు బ్రతికిరి.

ఆ సంగతి హార్టెన్‌కు అప్పుడు తెలియదు. నదిలో దిగెదమన్న మాట వినినంతనే అది వారి మరణశాసనమే ననుకొన్నాడు. ఆ విమానములోని వారితో మాటలాడిన చివరి మనుష్యుడను తానేయని నమ్మినాడు. అతనిని ఆసనము నుండి తప్పించి మరియొకని కూర్చుండబెట్టిరి. భార్యతో మాటలాడినచో తాను నిలువలేడని భయపడి, ప్రమాదము జరిగినది, నేను బాగుగా లేను, ఇప్పుడు మాటలాడలేనని చిన్న సందేశము పంపెను. కారు ప్రమాదము జరిగినదని ఆమె అనుకొన్నది. అటుపై నెలలో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘము ఎదుట ఈ సంగతులు ఆతడే చెప్పెను.