చేతిసంచీ – ఏడు కిలోలు



ఈ వేళ విమానంలో మనవెంట తీసుకువెళ్ళే చేతిసంచీని గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. "ఇదేం పెద్ద విషయం? రైల్లో నలుగురు పిల్లల్నీ, ఎనిమిది సంచుల్నీ వేసుకుని తిరిగినవాళ్ళం, ఒక్క చేతిసంచీ సర్దుకోలేమా?" అని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. అనుకోబట్టే చిక్కులో పడ్డాను. ముందు ఆ సంగతి చెబుతాను.

మేముండేది రాయదుర్గంలో. ఒకప్పుడు గుట్టలూ బండలూ తప్ప ఏమీ లేని ఈ చోట ఇప్పుడు మెట్రో స్టేషనూ, చుట్టూ అద్దాల మేడలూ వచ్చాయి. మా భవనంలో ఏ తలుపు తట్టినా, పిల్లల్లో ఒకరు బెంగుళూరులో, ఇంకొకరు పూణేలో. పురుడైనా, పుట్టినరోజైనా మనమే వెళ్ళాలి. ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే శంషాబాదు ఎంతో దూరం కాదు. చవక విమానాల పుణ్యమా అని మనలాంటివాళ్ళం కూడా గాలిలో ఎగురుతున్నాం.

పోయిన ఏడాది మనవడి బారసాలకి పూణే బయల్దేరాను. చక్రాల పెట్టె చిన్నది ఒకటి చేతిసామానుగా పట్టుకున్నాను. నా బి.పి. మాత్రలూ, డాక్టరు చీటీ, మనవడికి చేయించిన బంగారు మురుగులూ, అన్నీ అందులోనే. తీరా విమానం తలుపు దగ్గరికి వెళ్ళేసరికి, "పై అరలు నిండిపోయాయమ్మా, మీ పెట్టె కింద వేస్తాం" అని ఒకబ్బాయి దానికో చీటీ కట్టి పట్టుకుపోయాడు. సరేనని తల ఊపాను. సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాక గాని మాత్రలు గుర్తు రాలేదు.

పూణేలో దిగితే అందరి పెట్టెలూ వచ్చాయి, నాది రాలేదు. మర్నాడు సాయంత్రానికి గాని చేరలేదు. రాత్రి వేసుకోవలసిన మాత్ర పేరేమిటంటే నాకు తెలియదు. "తెల్లటి చిన్న మాత్ర" అంటే మందుల షాపువాడు ఏమిస్తాడు? ఇంటికి ఫోను చేస్తే, మావారు అలమారంతా వెదికి, ఖాళీ అట్ట ఒకటి దొరికితే పేరు చదివి చెప్పారు. అప్పటికి రాత్రి పదకొండు దాటింది. బాలింత ఉన్న ఇంట్లో అందరినీ కంగారు పెట్టినదాన్ని నేనే.

ఆ వేళ నేర్చుకున్న పాఠం ఒక్కటే. చేతిసామాను ఒకటి కాదు, రెండు. మొదటిది ఏ నిమిషంలోనైనా మన చేతినుంచి తీసేసుకోగల పెట్టె. రెండోది భుజానికి తగిలించుకుని, దిగేదాకా వదలని సంచీ. ఏది దేన్లో పెట్టాలో తెలిస్తే సగం బాధ తీరినట్టే.

ఇంతకీ ఈ తూకాల గొడవ ఎందుకు? మనదేశంలో చవక విమానాలు 2003లో కెప్టెన్ గోపీనాథ్ గారి ఎయిర్ డెక్కన్‌తో మొదలయ్యాయి. వీటి కిటుకు చాలా తేలిక. టికెట్టులో కుర్చీ మాత్రం అమ్ముతారు. భోజనం, కోరిన సీటు, ఎక్కువ సామాను, దేని ధర దానిదే. 2021 ఫిబ్రవరిలో, పెద్ద సామాను లేకుండా చేతిసంచీతోనే వెళ్ళేవారికి టికెట్టు తగ్గించి అమ్ముకోవచ్చునని పౌర విమానయాన డైరెక్టరేట్ అనుమతించింది కూడా. కాబట్టి మన పిల్లలు "అమ్మా, చాలా చవగ్గా దొరికింది" అంటే, "నాయనా, పెట్టె ఉందా లేదా?" అని తప్పకుండా అడగండి. లేని పెట్టెను విమానాశ్రయంలో చేరిస్తే, టికెట్టులో మిగిల్చినదంతా అక్కడే పోతుంది.

ఇక బరువు. 180 మంది ఎక్కే విమానంలో మనిషికి 2 కిలోలు ఎక్కువైతే 360 కిలోలు. అంత బరువునూ మోయడానికి నూనె ఖర్చు. పైగా పెట్టెలకోసం అరల దగ్గర తోసుకుంటూ నిలబడితే విమానం ఆలస్యం. చవక విమానం నేలమీద నిలబడినంతసేపూ కంపెనీకి నష్టమే. అంచేత చేతిసామానుకి మన కంపెనీలు సాధారణంగా 7 కిలోలని హద్దు పెట్టాయి. కొలతలు కూడా ఉన్నాయి. ఇండిగో వారి లెక్క ప్రకారం పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 115 సెంటీమీటర్లు మించకూడదు.

"మరి నా హ్యాండ్ బ్యాగు?" అంటారు. భద్రతా నిబంధనల్లో చేతిసామాను ఒక్కటే అని ఉన్నా, ఆడవాళ్ళ హ్యాండ్ బ్యాగుకి మినహాయింపు ఉంది. చంటిబిడ్డ ప్రయాణంలో తాగే పాలకీ, మందులకీ కూడా ఉంది. అయితే ఒక మెలిక. ఇండిగోలాంటి కంపెనీలో హ్యాండ్ బ్యాగుకి విడిగా 3 కిలోల దాకా ఇస్తారు. మరికొందరు అన్నీ కలిపే 7 కిలోలంటారు. టికెట్టు మీది చిన్న అక్షరాలు చదవడం తప్ప దీనికి మార్గం లేదు. కళ్ళద్దాలు పెట్టుకుని చదవండి, లేదా పిల్లలచేత చదివించండి.

తూకం ఇంట్లోనే చూసుకోవాలి. ఒంటి బరువు చూసుకునే మిషను ఉంటే చాలు. ముందు వట్టిచేతులతో ఎక్కండి, తరవాత పెట్టె పట్టుకుని ఎక్కండి. తేడాయే పెట్టె బరువు. అసలు ముందుగా ఖాళీ పెట్టెను తూచండి. చక్రాలూ, లాగే పిడీ ఉన్న గట్టి పెట్టె ఖాళీగానే రెండున్నర, మూడు కిలోలుంటుంది. ఇక మీకు మిగిలేది 4 కిలోలే. రెండు పట్టుచీరెలూ, సున్నుండల డబ్బా పెట్టేసరికి అయిపోతుంది. గుడ్డ సంచీ అయితే రెండు కిలోలు కలిసొస్తాయి. బరువైన శాలువా, స్వెట్టరు పెట్టెలో కుక్కకుండా ఒంటిమీద వేసుకోండి. విమానంలో చలికి అవే ఆధారం.

ఇప్పుడు భుజం సంచీ. ఇందులో మందులుండాలి, అవి కూడా రెండు రోజులకు ఎక్కువగా. డాక్టరు చీటీ ఉండాలి. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ వాడేవారు దాన్ని కింద వేసే పెట్టెలో ఎంతమాత్రం పెట్టకండి. అక్కడి చలికి గడ్డకట్టిందంటే పనికిరాదు. బంగారం, ఇంటి తాళాలు, గుర్తింపు కార్డు, కళ్ళజోడు, ఫోను ఇవన్నీ ఇక్కడే. కింద వేసిన పెట్టెలో నగ పోతే బాధ్యత మాది కాదని కంపెనీలు తమ షరతుల్లో ముందే రాసుకుంటాయి.

ఇంకొకటి, పవర్ బ్యాంకు. ఫోనుకి ప్రాణం పోసే ఆ చిన్న డబ్బా కూడా భుజం సంచీలోనే. సామాను గదిలో అది అంటుకుంటే ఆర్పే దిక్కుండదు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బూసాన్‌లో, బయల్దేరబోతున్న విమానం ఒకటి నేలమీదే తగలబడింది. లోపలున్న 176 మందీ ఎలాగో బయటపడ్డారు. పై అరలో ఉన్న పవర్ బ్యాంకే కారణం కావచ్చునని దర్యాప్తు చేసినవారు చెప్పారు. నా పెట్టెను ఆ అబ్బాయి పట్టుకుపోయిననాడు అందులో నా పవర్ బ్యాంకు కూడా ఉంది సుమండీ! ఇప్పుడు తలుచుకుంటే గుండె దడ. మామూలుగా 100 వాట్-అవర్ల లోపుదయితే అభ్యంతరం ఉండదు. మనం కొనే 20,000 ఎం.ఏ.హెచ్. డబ్బా సుమారు 74 వాట్-అవర్లు వస్తుంది. అంతకు మించినది ఎవరైనా బహుమతిగా ఇచ్చినా ఇంట్లోనే వాడుకోండి.

తినుబండారాలు లేకుండా మనం పుట్టింటినుంచీ కదలం, అత్తింటినుంచీ కదలం. జంతికలు, అరిసెలు, సున్నుండలు చేతిసంచీలో నిక్షేపంగా వెళతాయి. కారప్పొడి మాత్రం వెళ్ళనివ్వరు. కళ్ళలో కొడితే అదీ ఆయుధమే కదా! నూనె తేలే ఆవకాయ సీసాను తనిఖీ దగ్గర పెట్టి వాదించేకంటే, మూత బిగించి, రెండు కవర్లలో చుట్టి పెద్ద పెట్టెలో వేసుకోవడం మేలు. కత్తిపీట, కత్తెర కూడా అక్కడే.

కొబ్బరికాయ సంగతి తెలుసా? ఎండుకొబ్బరి కురిడీలో నూనె ఎక్కువ. వేడికి రాజుకునే గుణం ఉందని దాన్ని 2022లో నిషేధించిన వస్తువుల జాబితాలో చేర్చారు. పూజ కొబ్బరికాయ కూడా మామూలుగా చేతిసామానులో పనికిరాదు. అయ్యప్ప భక్తుల ఇరుముడికి మాత్రం 2024 అక్టోబరులో మినహాయింపు ఇచ్చి, 2025 జనవరి 20 దాకా టెంకాయను వెంట తీసుకువెళ్ళనిచ్చారు. అది గడువు పెట్టి ఇచ్చిన వరం. మీ ఇంట్లో స్వాములు ప్రయాణం పెట్టుకుంటే ఆ ఏటి సంగతి ముందుగా కనుక్కోమనండి. కర్పూరం, అగ్గిపెట్టె మాత్రం ఏ సంచీలోనూ వద్దు. దిగినచోట కొనుక్కోవచ్చు.

చివరగా, విమానం బయల్దేరడానికి 60 నిమిషాల ముందే సామాను తీసుకునే కౌంటరు మూసేస్తారు. తూకం ఎక్కువై పెట్టె విప్పి సర్దుకోవలసి వస్తే ఆ కాస్త వ్యవధీ కావాలి. అంచేత రెండు గంటల ముందే అక్కడుండండి. తలుపు దగ్గర ఎవరైనా మీ పెట్టె అడిగితే మొహమాటపడకండి. "ఒక్క నిమిషం బాబూ" అని నిలబడి, మందులూ, నగలూ, పవర్ బ్యాంకూ అందులో లేవని చూసుకుని, అప్పుడివ్వండి. వెనకవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. వాళ్ళిచ్చే చీటీ ముక్కను జాగ్రత్తగా దాచుకోండి. పెట్టె రాకపోతే, విమానాశ్రయం దాటి బయటికి రాకముందే ఫిర్యాదు రాయించాలి. ఆ చీటీ ఉంటేనే అది తేలిక.

నేను ఇప్పుడు మాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసి హ్యాండ్ బ్యాగులో ఒకటి, అలమార తలుపుకి ఒకటి అంటించుకున్నాను. మీరూ ఈ సాయంత్రం వంట పొయ్యిమీద ఉండగానే ఆ ఒక్క పనీ చేసేయండి. ప్రయాణం ఎప్పుడు పడుతుందో ఎవరికి తెలుసు?

ఉంటాను, సెలవు.