మీకు తెలుసా? పత్రికల్లో పెరిగిన సెబువానో సాహిత్యం

ఫిలిప్పీన్స్‌లో కోటిన్నరకు పైగా జనం మాట్లాడే భాష సెబువానో. అయినా 1937లో జాతీయ భాషకు పునాదిగా టాగలాగ్‌నే ఎంచుకున్నారు. బడి ఇవ్వని చోటు సెబువానో కథకు, కవితకు పత్రికలు ఇచ్చాయి. విసెంటె సొట్టో 1901లో 'ఆంగ్ సుగా' పత్రిక పెట్టారు. 1930లో 'బిసాయా' వచ్చింది.

పత్రికల కాగితం ఎన్నాళ్లుంటుంది? అందుకే సెబు నగరంలోని సాన్ కార్లోస్ విశ్వవిద్యాలయంలో 1975లో సెబువానో అధ్యయన కేంద్రం వెలిసింది. పాత సంచికలను వెతికి, భద్రపరిచి, వాటిలోని రచనలకు సూచికలు తయారుచేసింది. తొలి సంచాలకుడు రెసిల్ మొహారెస్‌కు 2018లో జాతీయ కళాకారుడి గౌరవం దక్కింది.

కాగితానికి పూర్తిగా లొంగని సెబువానో సంప్రదాయం కూడా ఒకటుంది: అపురూపమైన 'బలిటావ్'. ఆడా మగా నాట్యమాడుతూ, అప్పటికప్పుడు పాట అల్లి ఒకరికొకరు జవాబిచ్చుకునే ప్రేమ వాదం అది. దాన్ని కాగితం మీద దాచడం ఒక్కటే చాలదు. ఆడేవాళ్లు, పాడేవాళ్లు కావాలి.