మెకంజీ: ఒక యింటిపేరు కథ

మెకంజీ యను పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. మన గ్రామ చరిత్రములను పరిశీలించువారు కైఫీయతుల ప్రసక్తి వచ్చినప్పుడెల్ల ఆ పేరును తలచుచునే యుందురు. మన యూళ్ల పూర్వోత్తరములను వ్రాయించిన ఆ దొర యింటిపేరునకు పూర్వోత్తరము లెట్టివి? ఆ విషయమునే యిచ్చట కొంత వివరింపదలచితిమి.

స్కాట్లండు దేశపు వాయవ్యభాగము కొండలసీమ. అచ్చటి ప్రాచీన భాష గేలిక్కు. ఆ భాషలో ‘మాక్’ అనగా కుమారుడు. ఇంగ్లీషువారు కెన్నెత్ అని పిలుచు పేరునకు గేలిక్కులో సుందరుడని యర్థము చెప్పుదురు. కావున మెకంజీ యనగా కెన్నెత్తు కుమారుడు. మన యింటిపేర్లలో పెక్కు ఊరినిబట్టి వచ్చినవి. ఆ కొండసీమలో పెక్కు తండ్రినిబట్టి వచ్చినవి. తొలుత నవి తరముతోపాటు మారుచుండెడివి. ఒక మూలపురుషుని పేరు వంశమంతటికిని నిలిచిపోయినప్పుడు మాత్రమే అది యింటిపేరైనది.

ఇందు మరియొక విశేషము గలదు. ఈ పేరులోని ‘జ’కారము మొదట లేనిది. పూర్వము స్కాట్లండు లేఖకులు యకారమును బోలిన ధ్వనికి ఒక ప్రత్యేకాక్షరమును వాడెడివారు. అచ్చుకూటములు వచ్చిన పిదప ఆ యక్షరమునకు దిమ్మ లేక, రూపమున దానిని పోలిన ‘జెడ్’ అను అక్షరమును కూర్చిరి. చదువువారు కంటికి కనబడినట్లే పలుకసాగిరి. ఇట్లు ముద్రాపకుల యిబ్బంది ఒక వంశము పేరునే మార్చివేసినది. మెన్జీస్ అని పలుకదగినట్లు కనబడు మరియొక పేరును స్కాట్లండువారు నేటికిని ‘మింగిస్’ అనియే పలుకుదురు.

మెకంజీల తొలి నెలవు పడమటి తీరమందలి కింటెయిల్ సీమ. అచ్చటి ఐలెన్ డోనన్ కోట వారి అధీనమున నుండెను. అయినను ఆ పేరు గలవారందరును ఒక్క రక్తమువారు కారు. నాయకుని ఆశ్రయించి, అతని భూమి దున్ని, అతని కొరకు కత్తి పట్టిన కుటుంబములును అతని యింటిపేరునే ధరించినవి. కావున పేరు కలిసినంతమాత్రమున చుట్టరికము సిద్ధింపదు.

1610లో లూయిస్ ద్వీపము వీరి వశమయ్యెను. 1623లో వంశనాయకునకు సీఫోర్తు ప్రభువను బిరుదము లభించెను. 1715 నాటి తిరుగుబాటులో రాజునకు ఎదురు నిలిచినందున ఆ బిరుదమును ఆస్తియు పోయినవి. 1746లో కలోడెన్ యుద్ధము ముగిసిన పిదప కొండసీమ నాయకుల పూర్వాధికారములు రద్దయినవి. నాయకులు క్రమముగా కేవలము భూస్వాములైరి, శిస్తులు పెరిగినవి. బ్రదుకుతెరువు వెదకుచు జనులు కొందరు అమెరికాకును, కొందరు సైన్యములోనికిని పోయిరి. 1778లో సీఫోర్తు ప్రభువు చేర్చిన పటాలము 1781లో ఇండియాకు ఓడ నెక్కెను. త్రోవలోనే ప్రభువు మరణించెను. 1782లో మదరాసు చేరులోపల రెండువందలకు పైగా సైనికులు స్కర్వీ వ్యాధిచే మడిసిరి.

లూయిస్ ద్వీపమందలి స్టోర్నొవే పట్టణము ఇద్దరు మెకంజీలకు జన్మస్థానము. 1764లో పుట్టిన అలెగ్జాండరు పదేండ్ల ప్రాయముననే అమెరికా చేరెను. 1789లో అతడు కెనడాయందు ఒక మహానది వెంట ఉత్తర సముద్రము వరకు పయనించెను. ఆ నది నేడు మెకంజీ నది. 1754లో పుట్టిన కోలిన్ 1783లో మదరాసు చేరి, భూములు కొలుచు పనిలో ప్రవేశించి, 1815లో ఇండియా సర్వేయరు జనరలయ్యెను. అదే 1815లో, నలుగురు కుమారులను తనకంటె ముందే పోగొట్టుకొనిన చివరి సీఫోర్తు ప్రభువు కన్నుమూసెను. బిరుదము అతనితో అంతరించెను. ప్రభుత్వము పోయినది, ఊరు విడిచినవారి వెంట పేరు మాత్రము బ్రదికినది.

అయితే మనకు కైఫీయతులను సేకరించినది కోలిన్ మెకంజీ ఒక్కడే కాదు. ఆయనకు తెలుగు రాదు. ఏలూరివాడైన కావలి బొర్రయ్యయు, అతని సోదరుడు లక్ష్మయ్యయు, వారి సహచరులును ఊరూర తిరిగి, కరణములను పెద్దలను అడిగి, శాసనములను చూచి వ్రాయించిరి. బొర్రయ్య 1803లో పిన్నవయస్సుననే మరణించెను. లోకము ఆ గ్రంథరాశికి మెకంజీ పేరే పెట్టినది. ఆ పేరు పలికినప్పుడు కావలివారిని గూడ తలచుట మన విధి.

మన యింటిపేరును మనము దినమును వ్రాయుచునే యుందుము. అదెట్లు వచ్చినదో పెద్దల నడుగువారు మాత్రము కొందరే. బొర్రయ్య ఊరివారి నడిగినట్లు మన యింటిలోని వృద్ధులను మనమును అడిగి, వారు చెప్పినది ఒక పుస్తకమున వ్రాసియుంచిన నెంతయో మేలు. చెప్పువారు ఉన్నప్పుడే అడుగవలెను.