పీవీకి ఎన్ని మార్కులు? మెట్ట లెక్క, డెల్టా లెక్క, కొల్లేటి లెక్క

1994 డిసెంబరు శాసనసభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్‌కు ఇచ్చినవి 294లో 26 సీట్లు. అప్పుడు దేశానికి ప్రధాని ఈ రాష్ట్రం మనిషే, కాంగ్రెస్ అధ్యక్షుడూ ఆయనే. అంతకు మూడేళ్ల ముందు, 1991 నవంబరులో, ఇదే రాష్ట్రంలోని నంద్యాల ఆయన్ని 5 లక్షల 80 వేల మెజారిటీతో లోక్‌సభకు పంపింది. గిన్నిస్ బుక్కుకెక్కిన అంకె అది. ఈ రెండింటిలో పి.వి.నరసింహారావుకు జనం వేసిన అసలు మార్కు ఏది?

నన్నడిగితే రెండూ కావు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ నంద్యాలలో పోటీయే పెట్టలేదు. ప్రధాన ప్రత్యర్థి లేని ఎన్నికలో మెజారిటీకి హద్దేముంటుంది? ఇక 1994లో జనం ముందున్నవి కిలో రెండు రూపాయల బియ్యం, సారా ఉద్యమం తర్వాత వచ్చిన మద్యనిషేధం హామీ, కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం మీద విసుగు. ఢిల్లీలో ఏం జరుగుతోందన్నది ఆ లెక్కలో ఎక్కడో అడుగున ఉంది.

దేశాన్ని ఏలినవాళ్లలో గొప్పవాడెవరు, చెడ్డవాడెవరు అన్న తగువు ఏలూరు, తాడేపల్లిగూడెం బస్సుల్లో ఎప్పుడూ నడిచేదే. అంకెలతో తేల్చేద్దామని చాలామందికి ఉబలాటం. తేలుతుందా?

ఈ పని అమెరికావాళ్లు పద్ధతిగా చేస్తున్నారు. సీ-స్పాన్ అనే టీవీ సంస్థ చరిత్రకారులను కూర్చోబెట్టి పది కొలమానాల మీద అధ్యక్షులకు మార్కులు వేయిస్తుంది. 2021లో 142 మంది వేశారు. 2000లో 33వ స్థానంలో ఉన్న యులిసిస్ గ్రాంట్ 2021 నాటికి 20వ స్థానానికి ఎక్కాడు. ఆయన పోయింది 1885లో. చచ్చిపోయిన మనిషి ఇరవై ఏళ్లలో 13 మెట్లు ఎక్కాడంటే మారింది ఆయన కాదు, చూసేవాళ్లు. అంతర్యుద్ధం తర్వాత నల్లవారి హక్కుల కోసం ఆయన చేసిన పనికి ఇప్పటి చరిత్రకారులు ఎక్కువ బరువిస్తున్నారు. హ్యారీ ట్రూమన్ సంగతి ఇంకా విడ్డూరం. 1952 ఫిబ్రవరిలో గ్యాలప్ సర్వేలో ఆయన్ని మెచ్చినవాళ్లు 22 శాతం. 2021 జాబితాలో ఆయన ఆరోవాడు.

పీవీ పద్దులో మొదటి పేజీ అందరికీ తెలిసిందే. 1991 జూన్ 21న ఆయన ప్రమాణం చేసేనాటికి ఖజానాలో విదేశీ మారకం 100 కోట్ల డాలర్ల చుట్టుపక్కల, అంటే రెండు వారాల దిగుమతుల ఖర్చు. జులై 1న, 3న రెండు విడతల్లో రూపాయి విలువ తగ్గించారు. 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో, బ్యాంక్ ఆఫ్ జపాన్‌లో కుదువ పెట్టారు. అంతకుముందే మే నెలలో 20 టన్నులు విదేశానికి పంపింది చంద్రశేఖర్ ప్రభుత్వం. జనం జ్ఞాపకంలో రెండూ కలిసిపోయి, బంగారం తాకట్టు పెట్టిన అపకీర్తి ఒకరికీ, గండం గట్టెక్కించిన కీర్తి ఇంకొకరికీ దక్కాయి. 1996 మార్చికి విదేశీ కరెన్సీ నిల్వ 1,700 కోట్ల డాలర్లు.

వృద్ధి రేటు చూడండి. 1991-92 నుంచి వరసగా 1.4, 5.4, 5.7, 6.4, 7.3 శాతం. ఐదేళ్ల సగటు 5.2. 1980ల సగటు ఐదున్నర చుట్టూ ఉండేది. ఆ లెక్కన పీవీ కాలం ముందు దశాబ్దం కంటే తీసికట్టు. మొదటి ఏడాది ఆయనకు సంక్రమించిన అప్పుల పాపం అని పక్కన పెడితే మిగతా నాలుగేళ్ల సగటు 6.2, ముందు దశాబ్దం కంటే మెరుగు. ఒక్క ఏడాదిని లెక్కలో ఉంచడం, తీసేయడం మీద మనిషి ఫెయిలో ఫస్టు క్లాసో తేలిపోతోంది. నేనైతే తీసేస్తాను. గద్దెనెక్కిన తొలి ఏడాది పంట ఎప్పుడూ పాత యజమాని విత్తిందే. కానీ ఈ మినహాయింపు మనకు నచ్చిన నాయకుడికి మాత్రమే ఇచ్చి, నచ్చనివాడికి ఎగ్గొట్టడం ఉందే, వాదనలన్నీ చెడేది అక్కడ.

దేశం లెక్క అలా ఉంచి మన ఊరి లెక్కకొద్దాం. అదంత సులువు కాదు. ద్వారకా తిరుమల మండలం అప్పట్లో పశ్చిమ గోదావరి జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి ఏలూరు జిల్లా. ఓటు మాత్రం గోపాలపురం నియోజకవర్గం మీదుగా రాజమండ్రి ఎంపీకి. 1990ల జిల్లా అంకెలను నేటి జిల్లా అంకెలతో పోల్చి ఫలానా నాయకుడి హయాంలో పంట పెరిగిందనీ తరిగిందనీ చెప్పేవాళ్లను నమ్మకండి. సరిహద్దులే మారిపోయాయి.

డెల్టా రైతుకు 1991 సంస్కరణ మొదట కనిపించింది ఎరువుల బస్తా మీద. జులై 24 బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచుతామన్నారు. గొడవ జరిగాక 30కి దిగారు, చిన్న రైతులకు మినహాయింపు అన్నారు. 1992 ఆగస్టులో భాస్వరం, పొటాష్ ఎరువుల మీద ధరల నియంత్రణే ఎత్తేశారు. యూరియాను మాత్రం చౌకగా ఉంచారు. దాంతో చేలల్లో యూరియా చల్లడం ఎక్కువై, మిగతావి తగ్గాయి. ఎరువుల సమతూకం తప్పిందని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈనాటికీ మొత్తుకుంటున్నది దాని గురించే.

మెట్టకొస్తే కథ ఇంకా చిత్రం. ద్వారకా తిరుమల నుంచి పెదవేగి దాకా ఇప్పుడు ఎటు చూసినా పామాయిల్ తోటలే. ఆ పంట ఇక్కడ వేళ్లూనింది పీవీ కాలంలో. పెదవేగిలో ఆయిల్‌పామ్ జాతీయ పరిశోధన కేంద్రం 1995 ఫిబ్రవరిలో మొదలైంది. మొక్క నాటితే గెల దిగడానికి మూడు నాలుగేళ్లు, ఆ తర్వాత పాతికేళ్ల దాకా కాపు. అంటే నాటించిన ప్రధాని దిగిపోయే వేళకు తొలి గెలలు, మిగతా కాపంతా తర్వాతివాళ్ల పద్దులో.

అదే ప్రభుత్వం రెండో చేత్తో చేసిన పని వేరు. 1992-93లో దేశానికి కావలసిన వంటనూనెలో 97 శాతం ఇక్కడే పండేది. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తీశారు, సుంకం 65 శాతం. 1995లో 30 శాతానికి దించారు. పెదవేగిలో పరిశోధన కేంద్రం తెరిచింది, మలేషియా నూనెకు దారి సుగమం చేసింది ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే ప్రభుత్వం. బజారులో నూనె కొనే ఇల్లాలికి రెండోది మేలు. గెలలు కోసే రైతుకు కీడు. ఇప్పుడు దేశం వాడే నూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది. ఆ తగువు ఇంకా తెగలేదు. 2021 ఆగస్టులో మోదీ ప్రభుత్వం 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించింది. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద ప్రాథమిక సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచి, 2025 మేలో 10కి దించింది.

పీవీ పేరు చెబితే గోదావరి డెల్టాలో పెద్ద రైతుల ఇళ్లలో పాతతరం తలచుకునేది 1991ని కాదు, 1972ని. 1971 సెప్టెంబరు 30 నుంచి 1973 జనవరి 10 వరకు, 468 రోజులు ఆయన ముఖ్యమంత్రి. 1961 నాటి భూమి సీలింగు చట్టంలో హద్దు 27 నుంచి 324 ఎకరాలు. పీవీ తెచ్చిన చట్టంలో మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54. భూస్వామికి ఆ తేడా ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనల మీద 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు రాగానే, ఆంధ్రను విడదీయాలన్న జై ఆంధ్ర ఉద్యమం భగ్గుమంది. దానికి సీలింగు మంట కూడా తోడైందని అప్పటినుంచీ అంటున్నవాళ్లున్నారు, నాకూ నిజమే అనిపిస్తుంది. పీవీ దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. చట్టం అమల్లోకి వచ్చింది 1975 జనవరి 1న, ఆయన లేని ప్రభుత్వంలో. అప్పటికి ఎన్ని ఎకరాలు కాగితాల మీద చేతులు మారి ఉంటాయో డెల్టాలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. కూలివాడి లెక్కలో అది ఈ రాష్ట్రం చూసిన మంచి చట్టాల్లో ఒకటి. దాన్ని తెచ్చినందుకు పీవీకి నేను పెద్ద మార్కే వేస్తాను. తెచ్చి నిలబెట్టలేకపోయినందుకు తగ్గిస్తాను.

1992 డిసెంబరు 6ను ఏ వృద్ధి రేటుతోనూ సరిపెట్టలేం. బాబ్రీ మసీదు కూలుతుంటే కేంద్రం చేతులు ముడుచుకుంది. తర్వాతి అల్లర్లలో ఒక్క బొంబాయిలోనే దాదాపు 900 మంది చనిపోయారని శ్రీకృష్ణ కమిషన్ లెక్క తేల్చింది. పదికి తొమ్మిది, పదికి సున్నా కలిపి సగటు నాలుగున్నర అనడం లెక్కల మాస్టారికి సబబేమో గాని ఇక్కడ అర్థం లేని పని. రెండు అంకెలూ పక్కపక్కన ఉండాలంతే. 2024లో ఆయనకు భారతరత్న ఇచ్చారు. అదే ఏడాది అద్వానీకీ ఇచ్చారు. 170 రోజులు ప్రధానిగా ఉండి ఒక్కరోజూ పార్లమెంటును ఎదుర్కోని చరణ్‌సింగ్‌కూ ఇచ్చారు. బిరుదుల పట్టికను మార్కుల పట్టికగా చదవకూడదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

చెడ్డ కాలం ఏదంటే చాలామంది ఎమర్జెన్సీ 21 నెలలనే చూపిస్తారు. 1971లో ఇందిరకు 352 సీట్లు, 1977లో 154, 1980లో 353. తొమ్మిదేళ్లలో దేశం మూడు తీర్పులిచ్చింది. మనవాళ్లు మాత్రం 1977లో కూడా 42కి 41 కాంగ్రెస్‌కే ఇచ్చారు. మిగిలిన ఒక్కటీ నంద్యాలలో నీలం సంజీవరెడ్డిది. ఉత్తరాదిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసిన గాయం ఇక్కడ అంత లోతుగా తగలలేదు.

ఇక కొల్లేరు సరస్సు దగ్గర ప్రధానుల కంటే ముఖ్యమంత్రుల లెక్క ముఖ్యం. 1970లలో మత్స్యకారులకు, దళితులకు సొసైటీలు పెట్టి చెరువులు ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. మెల్లగా లీజుల పేరుతో అవి డబ్బున్నవాళ్ల చేతుల్లోకి పోయాయి. 1999 అక్టోబరులో, చంద్రబాబు హయాంలో, సముద్రమట్టానికి ఐదడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అయినా 2004 నాటికి సరస్సులో దాదాపు 100 చదరపు కిలోమీటర్ల మేర చేపల చెరువులే ఉన్నాయని ఉపగ్రహ చిత్రాలు చూపాయి. 2006లో సుప్రీంకోర్టు, దాని కమిటీ వెంటపడితే వై.ఎస్. ప్రభుత్వం గట్లు పేల్చేసింది. 2008లో, అదే వై.ఎస్. కాలంలో, కాంటూరును మూడడుగులకు కుదించమని శాసనసభ తీర్మానించింది. 308 కాస్తా 135 అవుతుంది. పోయేది 173 చదరపు కిలోమీటర్లు, అంటే 42 వేల ఎకరాలకు పైమాట. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదరదంది. 2014 తర్వాత తెలుగుదేశం ప్రభుత్వమూ మూడో కాంటూరే అడిగింది.

గీత గీసినవాళ్లూ, దాన్ని కాపాడినవాళ్లూ తర్వాత ఆ గీతనే చెరిపేయమన్నారు. ఇందులో ఓట్ల భయం ఉంది, న్యాయమైన గోడూ ఉంది: జిరాయితీ పట్టా ఉన్న రైతుకు పరిహారం ఇవ్వకుండా భూమి అభయారణ్యంలో కలిపేశారు. అందుకే కొల్లేటి మీద తీర్మానాలను బట్టి ఎవరికీ మార్కు వేయను. పరిహారం ఎంత చెల్లించారు, గట్లు ఎన్ని లేచాయి అన్న రెండే అడుగుతాను. వై.ఎస్. తర్వాత, అంటే 2009 సెప్టెంబరు నుంచి, ఉమ్మడి రాష్ట్రాన్ని, విడిపోయిన రాష్ట్రాన్ని కలిపి నలుగురు ఏలారు: రోశయ్య, కిరణ్‌కుమార్‌రెడ్డి, చంద్రబాబు, జగన్. 2024లో చంద్రబాబు మళ్లీ వచ్చారు. పేల్చిన గట్లు తిరిగి లేచింది చాలావరకు వీళ్ల కాలంలోనే. ఉపగ్రహ చిత్రాలను ఏడాదివారీగా పరిచి, ఎవరి హయాంలో ఎన్ని ఎకరాల చెరువులు కొత్తగా తేలాయో పట్టిక కట్టడం పెద్ద పనేమీ కాదు. అటవీ శాఖ ఆ పట్టికను ఏటా ఏలూరు కలెక్టరేటు గోడకు అంటిస్తే, బస్సుల్లో వాదించుకునేవాళ్లకు చేతిలో ఒక అంకె అయినా ఉంటుంది.